ఉక్కు రాగాలు – 9: రికార్డు లేని పాటకు మొదటి ర్యాంకు

1980 ఏప్రిల్ 14న ఈఎంఐ కంపెనీ ఇంగ్లండులో ఒక కొత్త బ్యాండు తొలి ఆల్బమ్ విడుదల చేసింది. బ్యాండు పేరు ఐరన్ మెయిడెన్. ఆల్బమ్ పేరూ అదే. అయిదుగురూ ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు. నాలుగు నెలల కిందటి దాకా వీళ్లకు ఏ కంపెనీతోనూ ఒప్పందం లేదు. రేడియోవాళ్లకు ఈ తరహా సంగీతమంటే చిన్నచూపు. అయినా ఆ ఆల్బమ్ బ్రిటన్ అమ్మకాల జాబితాలోకి అడుగుపెడుతూనే నాలుగో స్థానంలో కూర్చుంది.

ఈ అంకె విలువ తెలియాలంటే ఆ జాబితా సంగతి కొంచెం చెప్పుకోవాలి. వారం వారం దుకాణాల్లో ఎన్ని రికార్డులు అమ్ముడుపోయాయో లెక్క తీసి వరస కట్టేవారు. కొత్తవాళ్ల రికార్డు వస్తే మామూలుగా ఎక్కడో అడుగున మొదలయ్యేది. రేడియోలో వినపడి, ఆ నోటా ఈ నోటా పడి, అదృష్టముంటే పైకి పాకేది. మొదటి వారమే నాలుగో స్థానం అంటే, కొనేవాళ్లు డబ్బు చేత పట్టుకుని ముందునుంచే కాచుకుని ఉన్నారన్న మాట. మన దగ్గర పెద్ద హీరో సినిమాకు తెల్లవారుజామున బెనిఫిట్ షో దగ్గర జనం విరగబడతారు చూడండి, అలాంటి ఆత్రమే. కాకపోతే అక్కడ హీరో ఎవరో దేశానికి తెలియదు. తెరమీద ఎప్పుడూ కనపడని హీరోకి అంతమంది అభిమానులు ఎక్కడినుంచి పుట్టుకొచ్చారన్నది ఈ వారం కథ.

కిందటి సంచికల్లో బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల పక్కన బ్లాక్ సబ్బత్ ఎలా తయారైందో చూశాం. 1976 వచ్చేసరికి లండన్ పత్రికలకు ఆ మోజు తీరిపోయింది. పంక్ వచ్చింది. మూడు స్వరాలు, మూడు నిమిషాలు, పొట్టి జుట్టు, పిన్నీసులు. పొడుగు జుట్టుతో, పొడుగు సోలోలతో గిటార్ వాయించేవాళ్లను రాక్షసబల్లుల కింద జమకట్టారు. జుట్టు కత్తిరించుకుని పంక్ వాయిస్తే చూద్దామని కంపెనీలవాళ్లు ఐరన్ మెయిడెన్‌కు కూడా సలహా ఇచ్చారట. స్టీవ్ హారిస్ వినే రకం కాదు.

హారిస్ తూర్పు లండన్ లేటన్‌స్టోన్‌లో పుట్టినవాడు. ఫుట్‌బాల్ పిచ్చి. వెస్ట్ హామ్ క్లబ్బులో కుర్రాళ్ల శిక్షణకు పిలుపు వచ్చినవాడే, కానీ బేస్ గిటార్ వైపు వచ్చేశాడు. డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాడు, ఆ ఉద్యోగం పోయాక వీధులు ఊడ్చే పని చేశాడు. 1975 క్రిస్మస్ నాడు బ్యాండు మొదలుపెట్టి, ఆ తర్వాత నాలుగేళ్లలో గాయకుల్ని, గిటారిస్టుల్ని, డ్రమ్మర్లను ఎంతమందిని మార్చాడో పేర్లు చెబితే ఈ పేజీ చాలదు. మారనిది ఒకటే: సొంత పాటలే వాయించాలన్న పట్టుదల. పబ్బులో బీరు తాగడానికి వచ్చినవాడు తనకు తెలిసిన పాట వాయించమంటాడు. తెలియని పాటలు వాయించి వాణ్ణి నిలబెట్టడం చిన్న పని కాదు. స్ట్రాట్‌ఫర్డ్‌లో కార్ట్ అండ్ హార్సెస్, ఈస్ట్ హామ్‌లో రస్కిన్ ఆర్మ్స్, ఈ రెండు పబ్బుల్లో ఆ పని జరిగింది. డాక్‌లు మూతపడుతున్న, పనులు దొరకని ప్రాంతం అది. వారాంతం రాత్రి చేతిలో ఉన్న కాసిని డబ్బులతో పిల్లలు వెళ్లగలిగిన చోటు పబ్బే.

అక్కడ బ్యాండువాళ్లు కచేరీకి ఒక తమాషా కూడా చేర్చారు. డ్రమ్ముల వెనక ఒక ముఖం బొమ్మ వేలాడదీసి దాని చుట్టూ బల్బులు పెట్టేవారు. బ్యాండు పేరే పేరుగా ఉన్న చివరి పాట రాగానే ఆ బొమ్మ నోట్లోంచి ఎర్రటి ద్రవం కారేది. చేపల తొట్టెలో పెట్టే చిన్న పంపును గొట్టంతో బొమ్మ వెనక బిగించారు, అంతే యంత్రాంగం. ఆ రంగునీళ్లన్నీ కింద కూర్చున్న డ్రమ్మర్ నెత్తిన పడేవి. బొమ్మకు ఎడ్డీ అని పేరు పెట్టారు. తర్వాతి కాలంలో టీషర్టుల మీద లోకమంతా తిరిగిన ఎడ్డీ పుట్టుక ఇంత చవకబారుది.

ఇక్కడివరకూ ఇది ఒక పేట కథ. ఈ పేట ముచ్చట దేశానికి పాకడానికి కారణమైన చోటు లండన్‌కు అటు చివర, వాయవ్య మూల కింగ్స్‌బరీలో ఉంది. ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అనే పబ్బును ఆనుకుని ఒక హాలు. పేరు బ్యాండ్‌వేగన్. అక్కడ నీల్ కే అనే డీజే రికార్డులు వేసేవాడు. డిస్కో ఊపు మీదున్న కాలంలో ఇతను మొండిగా హెవీ మెటల్ మాత్రమే వేసేవాడు, అదీ కచేరీలో వినపడేంత పెద్ద మోతతో. ఆ చోటికి హెవీ మెటల్ సౌండ్‌హౌస్ అని పేరు తగిలించాడు. రాత్రయ్యేసరికి డెనిమ్ కోట్ల మీద నచ్చిన బ్యాండ్ల బొమ్మగుడ్డలు కుట్టుకున్న కుర్రాళ్లు దిగేవారు. జుట్టు ముఖం మీద పడేలా తలలు ఊపేవారు. కొందరు హార్డ్‌బోర్డును గిటార్ ఆకారంలో కోసి, రంగు వేసి, మెడలో వేసుకుని వచ్చేవారు. సోలో రాగానే తీగల్లేని ఆ చెక్క మీద వేళ్లు పరిగెత్తించేవారు. వీళ్లలో రాబ్ లూన్‌హౌస్ అన్న మారుపేరుతో ఒకడు పత్రికలకు కూడా ఎక్కాడు. చూసినవాళ్లకు నవ్వు వచ్చేదేమో గానీ, ఏ స్వరానికి వేలు ఎక్కడుండాలో తెలిసి చేసే పని అది. పాటను అంత శ్రద్ధగా విన్నవాళ్లు ఆ రోజుల్లో రికార్డు కంపెనీల్లో ఎందరున్నారో నాకు అనుమానమే.

1978లో సౌండ్స్ అనే సంగీత వారపత్రిక నుంచి జెఫ్ బార్టన్ ఆ హాలుకు వెళ్లి చూసి పెద్ద వ్యాసం రాశాడు. దాంతో పాటు ఇంకొకటి మొదలైంది. హాల్లో కుర్రాళ్లు ఏ పాటలు వేయమని ఎక్కువగా అడుగుతున్నారో లెక్కగట్టి నీల్ కే ఒక జాబితా తయారుచేస్తే, ఆ పత్రిక అచ్చువేసేది. ఒక్క పబ్బులో, ఒక్క డీజే దగ్గర చీటీలు పెట్టినవాళ్ల అభిరుచి అది. గణాంకాలు తెలిసినవాళ్లు దాన్ని లెక్క అని కూడా అనరు. కానీ అచ్చులో పడ్డ మాటకు ఒక బలముంది. స్కాట్లండులో ఉన్న కుర్రాడికి కింగ్స్‌బరీ హాలు ఎంత ఉంటుందో తెలియదు. లండన్‌లో జనం దీన్నే వింటున్నారు కాబోలు అనుకుంటాడు.

ఇప్పుడు క్యాసెట్ దగ్గరకు వద్దాం. 1978 డిసెంబరు 30, 31 తేదీల్లో హారిస్ బృందం కేంబ్రిడ్జ్‌లో స్పేస్‌వర్డ్ అనే స్టూడియోలో నాలుగు పాటలు రికార్డు చేసింది. అప్పటికి కొత్తగా చేరిన గాయకుడు పాల్ డియానో. కొంచెం బొంగురుపోయిన, రోడ్డుమీద కేకేసినట్టుండే గొంతు. జుట్టు కూడా పొట్టిదే. పంక్‌వాళ్లు సైతం ఇతన్ని తమవాడే అనుకోగలిగేవారు. పాటలు చేశారు గానీ మాస్టర్ టేపు కొనుక్కోవడానికి డబ్బు చాలలేదు. నకలు మాత్రం తెచ్చుకున్నారు. రెండు వారాల తర్వాత డబ్బు సర్దుకుని వెళితే, స్టూడియోవాళ్లు ఆ టేపు చెరిపేసి ఇంకెవరికో వాడేశారు. ఇక ఉన్నదల్లా ఆ నకలే.

దాని కాపీ ఒకటి హారిస్ తీసుకెళ్లి నీల్ కే చేతిలో పెట్టాడు. అలాంటి క్యాసెట్లు రోజూ చూసే కే ముందు విసుక్కున్నాడు, ఇంటికి వెళ్లి విన్నాక మాత్రం ఉండలేకపోయాడు. హాల్లో వేయడం మొదలుపెట్టాడు. కుర్రాళ్లు మళ్లీ మళ్లీ అడిగారు. 1979 వసంతకాలానికల్లా అందులోని 'ప్రౌలర్' సౌండ్‌హౌస్ జాబితాలో మొదటి స్థానానికి చేరి, సౌండ్స్ పత్రికలో అచ్చయింది. మిగతా పాటలన్నీ పెద్ద పెద్ద బ్యాండ్ల రికార్డులు. మొదటిది మాత్రం ఏ దుకాణంలోనూ దొరకని పాట. దేశంలో ఏ మూల ఉన్నవాడు ఆ జాబితా చదివినా ఒక్కటే ప్రశ్న: ఎక్కడ కొనాలి? సమాధానం లేదు. లేకపోవడమే మేలు చేసింది. దొరికే పాటను వినేసి ఊరుకుంటారు. దొరకని పాట గురించి పదిమందిని అడుగుతారు.

ఆ క్యాసెట్ చేతులు మారుతూ ఒక రగ్బీ స్నేహితుడి ద్వారా రాడ్ స్మాల్‌వుడ్ దగ్గరకు చేరింది. యార్క్‌షైర్ మనిషి, అంతకు ముందు కాక్నీ రెబెల్ బృందం వ్యవహారాలు చూసి, విసిగి, ఈ రంగం వదిలేద్దామనుకుంటున్నవాడు. వాళ్ల వాయింపు చూద్దామని లండన్ పడమటి పబ్బుల్లో రెండు కచేరీలు కుదిర్చాడు. మొదటిది విండ్సర్ కాజిల్‌లో. వేళ అయింది, పబ్బు యజమాని వాయించమన్నాడు. తమ అభిమానులు ఇంకా తూర్పు లండన్ నుంచి రాలేదు, వాళ్లు వచ్చాకే మొదలుపెడతాం అన్నాడు హారిస్. మాటా మాటా పెరిగింది. ఒక్క పాటా వాయించకుండా సామాను సర్దుకుని వెళ్లిపోయారు. కాబోయే మేనేజరు చూడటానికి వచ్చిన రోజున చేసిన పని ఇది. రెండోది హ్యామర్‌స్మిత్‌లో స్వాన్ పబ్బు. అక్కడ వేదిక ఎక్కకముందే డియానోను జేబులో కత్తి ఉందని పోలీసులు పట్టుకుపోయారు. హారిసే బేస్ వాయిస్తూ పాడాడు. ఇంత గందరగోళం చూశాక కూడా స్మాల్‌వుడ్ వాళ్లను వదల్లేదు. ఇప్పటికీ వాళ్ల మేనేజరు ఆయనే.

విండ్సర్ కాజిల్ రాత్రిని నేను పొగరు అనను. పావుగంట ఆగితే వచ్చే జనం కోసం అవకాశాన్ని కాలదన్నుకోవడం తెలివైన వ్యాపారం కాకపోవచ్చు. కానీ ఆ సంగతి మర్నాటికల్లా ఈస్ట్ హామ్ అంతా తెలిసిపోయి ఉంటుంది. ఇక ఆ కుర్రాళ్లు ఈ బ్యాండును వదులుకుంటారా?

అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. 1979 నవంబరు 9న ఆ నకలు టేపు నుంచే మూడు పాటలతో ఒక చిన్న రికార్డు వేశారు. నాలుగోది బాగా రాలేదని తీసేశారు. తమను పైకి తెచ్చిన హాలు పేరే రికార్డుకు పెట్టారు: 'ది సౌండ్‌హౌస్ టేప్స్'. వేసినవి 5,000. దుకాణాలకు ఇవ్వలేదు. ఉత్తరం రాసి డబ్బు పంపితే పోస్టులో పంపేవారు. ఆ పని చూసింది ఏ కంపెనీ ఉద్యోగో కాదు, మొదటినుంచీ కచేరీలకు వస్తున్న ఒక అభిమాని. అతని ఇంటి నుంచే కట్టలు కట్టి, చిరునామాలు రాసి పంపారు. మొదటి వారంలోనే 3,000 వెళ్లిపోయాయి. ఇది చూసి హెచ్ఎంవీ, వర్జిన్ లాంటి పెద్ద దుకాణాలు మరో 20,000 కావాలని అడిగాయి. బ్యాండు ఒప్పుకోలేదు. ఇది మా తొలి అభిమానుల కోసం చేసింది, వాళ్లకే పరిమితం అన్నారు. చేతిలో చిల్లిగవ్వ లేని రోజుల్లో 20,000 రికార్డుల బేరం కాదనడం ఆషామాషీ కాదు. ఆ 5,000 మందికి ఇది జీవితాంతం చెప్పుకునే గర్వమైంది. నకిలీ ముద్రణలు కూడా వచ్చాయి.

ఈలోగా పత్రికలవాళ్లు మేలుకున్నారు. 1979 మే 8న క్యామ్‌డెన్‌లోని మ్యూజిక్ మెషీన్‌లో ఏంజెల్ విచ్, ఐరన్ మెయిడెన్, శామ్సన్ ఒకే రాత్రి వాయించాయి. నీల్ కేదే ఏర్పాటు. మార్గరెట్ థాచర్ గెలిచి అప్పటికి వారం కాలేదు. ఆ కచేరీ మీద బార్టన్ రాసిన వ్యాసానికి సంపాదకుడు అలన్ లూయిస్ 'న్యూ వేవ్ ఆఫ్ బ్రిటిష్ హెవీ మెటల్' అని శీర్షిక తగిలించాడు. ఆ పేరు ఈ నాటికీ చరిత్ర పుస్తకాల్లో ఉంది. నిజానికి ఆ ముగ్గురి సంగీతం ఒక్క తీరులో ఉండదు. పేరు పెట్టాకే ఉద్యమం ఉందని అందరికీ అనిపించింది.

డిసెంబరులో ఈఎంఐ సంతకాలు పెట్టించుకుంది. అప్పుడే డ్రమ్మర్ డగ్ శాంప్సన్ ఆరోగ్యం బాగోలేక తప్పుకున్నాడు. క్లైవ్ బర్ వచ్చాడు. గిటారిస్టు డేవ్ మరేకు తోడుగా రెండో గిటార్‌కు డెన్నిస్ స్ట్రాటన్ చేరాడు. ఈ అయిదుగురూ జనవరిలో కింగ్స్‌వే స్టూడియోలో ఆల్బమ్ చేశారు. నిర్మాత కుదరడమే కష్టమైంది. స్వీట్ బృందంలోని ఆండీ స్కాట్‌ను అనుకుంటే, హారిస్‌ను వేళ్లతో కాక పిక్‌తో బేస్ వాయించమన్నాడు. అక్కడితో ఆ మాట ముగిసింది. చివరికి విల్ మలోన్ కుదిరాడు. పాట ముగించి ఎలా ఉందని అడగబోతే, ఆయన మిక్సింగ్ బల్ల మీద కాళ్లు చాపి 'కంట్రీ లైఫ్' పత్రిక చదువుకుంటూ కనిపించేవాడని హారిస్ తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. పని అంతా తామూ ఇంజినీరూ కలిసి చేసుకున్నామంటాడు. ఆల్బమ్‌లో పాటలు గొప్పవి, ధ్వని మాత్రం బాగోలేదని ఆయన ఈనాటికీ గొణుగుతూనే ఉంటాడు.

ఇక్కడ నేను హారిస్ పక్షం కాదు. గిటార్లు పలచగా ఉన్న మాట నిజమే, మెరుగు లేదు. కానీ వింటుంటే నాలుగడుగుల దూరంలో వాయిస్తున్నట్టుంటుంది. 'ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా' తీసుకోండి. ఏడు నిమిషాల పాట. మొదట రెండు గిటార్లు ఒకే వరసను జంటగా పరిగెత్తిస్తాయి. గొంతు వచ్చి వాటినే తరుముతుంది. సగంలో అంతా ఆగిపోయి కొత్త నడక మొదలవుతుంది. బేస్ అడుగున ఉండిపోకుండా ముందుకొచ్చి దారి చూపుతుంది. ఇంకో మలుపు, ఇంకో సోలో, మళ్లీ మొదటికి. వేగంలో పంక్‌కు తీసిపోదు, అల్లికలో పంక్ వెక్కిరించిన పొడుగు పాటల వారసత్వం. పబ్బులో ఈ పాటను చెవులారా విన్నవాళ్లకు ప్రతి మలుపూ ముందే తెలుసు. దుకాణంలో వాళ్లు కొన్నది తాము నాలుగేళ్లుగా మోస్తున్న పాటలనే. ఈ పాటలోని ముక్కే ఎనభైల నడుమ డెకాథ్లాన్ వీరుడు డేలీ థాంప్సన్ నటించిన లూకోజేడ్ పానీయం టీవీ ప్రకటనలో మోగింది. ఎడ్డీ ముఖం చూసి జడుసుకునే ఇళ్లలో కూడా పాట దూరిపోయింది.

ఎడ్డీ ముఖం అంటే ఇప్పుడు చేపల పంపు బొమ్మ కాదు. డెరెక్ రిగ్స్ అనే చిత్రకారుడు ఎప్పుడో వేసి పెట్టుకున్న ఒక బొమ్మ స్మాల్‌వుడ్ కంటబడింది. వీధి దీపాల కింద, గోడ ముందు, ఎముకలకు అతుక్కున్న చర్మంతో నిలబడ్డ పంక్ కుర్రాడు. కొంచెం జుట్టు పెంచమని అడిగారు. రిగ్స్ పెంచాడు. ఎడ్డీ తయారు. ఫిబ్రవరిలో 'రన్నింగ్ ఫ్రీ' సింగిల్ వచ్చినప్పుడు అట్ట మీద ఆ ముఖాన్ని చీకట్లో ఉంచేశారు. ఆల్బమ్ వచ్చేదాకా చూపించకూడదని. అభిమాని నాడి తెలిసినవాడు చేసే పని అది. ఆ సింగిల్ 34వ స్థానం దాకా వెళ్లింది. బీబీసీ 'టాప్ ఆఫ్ ది పాప్స్'కు పిలిస్తే, అందరిలా రికార్డుకు పెదాలు కదపం, నిజంగా వాయిస్తామన్నారు. 1972లో ది హూ తర్వాత ఆ కార్యక్రమంలో అలా వాయించింది వీళ్లేనని చెబుతారు.

మార్చిలో జుడాస్ ప్రీస్ట్ బృందం పర్యటనలో వాళ్లకంటే ముందు వాయించే అవకాశం వచ్చింది. మేం వాళ్లను వేదిక మీంచి ఊదేస్తామని డియానో పత్రికలకు చెప్పేశాడు, ప్రీస్ట్‌వాళ్లకు ఒళ్లు మండింది. మంచిదే అయింది. ఊరూరా తిరగడంతో లండన్ బయట సౌండ్స్ జాబితా మాత్రమే చదివి ఉన్నవాళ్లు మొదటిసారి వీళ్లను కళ్లతో చూశారు. పర్యటన అవగానే ఏప్రిల్ 14 వచ్చింది. ఆ వారం దుకాణాలకు వెళ్లినవాళ్లలో రస్కిన్ ఆర్మ్స్ వాళ్లున్నారు, సౌండ్‌హౌస్ వాళ్లున్నారు, పోస్టులో రికార్డు అందుకున్నవాళ్లు, అందక మిగిలిపోయినవాళ్లు ఉన్నారు. కంపెనీ ప్రచారం వీళ్లకు విడుదల రోజు తెలియజెప్పింది, అంతే.

ఆ పబ్బు రోజుల నుంచి ఇప్పటివరకూ వదలకుండా ఆడుతున్నది ఒకటుంది. చివర్లో వచ్చే, బ్యాండు పేరే ఉన్న ఆ పాట, దాంతోపాటు ఎడ్డీ. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్లు వాయించినప్పుడు హైదరాబాదు నుంచి కూడా కుర్రాళ్లు వెళ్లారు. ఆ పాట విడుదలైనప్పటికి పుట్టనివాళ్లు ఆ మైదానంలో ఎక్కువమంది. అయినా వేలమంది అక్షరం తప్పకుండా పాడారు. అప్పటికి గాయకుడు డియానో కాదు, బ్రూస్ డికిన్సన్. ఆ మార్పు కథ తర్వాత వస్తుంది. డియానో 2024 అక్టోబరులో పోయాడు. క్లైవ్ బర్ 2013లోనే వెళ్లిపోయాడు.

1980కి తిరిగి వస్తే, ఆగస్టు 23 శనివారం రెడింగ్ ఉత్సవంలో వీళ్లకు చివరి నుంచి రెండో స్థానం ఇచ్చారు. వీళ్ల తర్వాత వాయించవలసింది యూఎఫ్ఓ. హారిస్ బేస్ పట్టుకోవడానికి స్ఫూర్తినిచ్చినవాళ్లలో ఆ బృందపు పీట్ వే ఒకడు. అంటే ఆ రోజు వేదిక మీద హారిస్ కూడా ఒక అభిమానే.

మర్నాడు అదే వేదిక మీదకు షెఫీల్డ్ కుర్రాళ్లు డెఫ్ లెప్పర్డ్ వచ్చారు. మార్చిలో విడుదలైన వాళ్ల తొలి ఆల్బమ్ 15వ స్థానం దాకా వెళ్లింది. అందులో అమెరికాకు హలో చెప్పే పాట ఒకటుంది. మనల్ని వదిలేసి అక్కడివాళ్ల కోసం వాయిస్తున్నారన్న కోపం సొంత అభిమానుల్లోనే రాజుకుని ఉంది. పాట మొదలయ్యాక జనంలోంచి బీరు డబ్బాలు వేదిక మీద పడసాగాయి. అదెంత పెద్ద గొడవో చెప్పడంలో అక్కడున్నవాళ్లు తలా ఒక లెక్క చెబుతారు. ఆ లెక్కలు, షెఫీల్డ్ కథ వచ్చే సంచికలో.